పచ్చ లైటుకు బ్యాటరీ సంగతి తెలియదు

మా ఆఫీసులో సర్వర్ పెట్టిన చిన్న గది ఉంది. అక్కడ, కరెంటు పోతే కాసేపు బ్యాటరీతో మోసే యూపీఎస్ మీద ఒక పచ్చ లైటు వెలుగుతూ ఉంటుంది. మూడేళ్లపాటు రోజూ సాయంత్రం ఆ లైటు చూసి, తలుపు దగ్గరికేసి ఇంటికి వెళ్లిపోయేవాణ్ని. ఎవరైనా అడిగితే "యూపీఎస్ ఉందండీ, ఏం భయం లేదు" అనే చెప్పాను. ఒక మే నెల మధ్యాహ్నం మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది. సీలింగ్ ఫ్యాను రెక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, సర్వర్ మాత్రం అప్పటికే ఆగిపోయింది. యూపీఎస్ ఒక్కసారి కీచుమని అరిచి చల్లబడింది. ఇరవై నిమిషాలు మోస్తుందని కొన్న పెట్టె పది సెకన్లు కూడా మోయలేదు.

అకౌంట్స్ చూసే అక్క పొద్దున్నుంచి ఎక్కించిన బిల్లులన్నీ పోయాయి. డేటా ఫైలు తెరుచుకోలేదు. ముందురోజు రాత్రి తీసిన బ్యాకప్ ఉంది కాబట్టి అంతవరకు బయటపడ్డాం. కానీ ఆ పూట పనంతా ఆవిడ కాగితాలు ముందేసుకుని, రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని మళ్లీ మొదటినుంచి కొట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

మర్నాడు మా ఎలక్ట్రీషియన్ వచ్చాడు. అరవై దాటిన మనిషి, నేను బాబాయ్ అంటాను. యూపీఎస్ మూత విప్పి బ్యాటరీలు బయటికి లాగబోతే రాలేదు. రెండూ ఉబ్బిపోయి ట్రేలో బిగుసుకున్నాయి. ఒకదానికి మూలన పగులు, టెర్మినల్ చుట్టూ తెల్లటి పొడి. "లైటు నిన్నటిదాకా పచ్చగానే ఉంది కదా బాబాయ్" అన్నాను. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి, "ఆ లైటు లైన్లో కరెంటు ఉందని చెప్తుంది బాబూ, బ్యాటరీ సంగతి దానికేం తెలుసు" అన్నాడు.

ఇదంతా ఆ మాట గురించే రాస్తున్నాను.

2012, 2013 ఎండాకాలాలు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. రోజుకి గంటల తరబడి కోతలు, ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు. అప్పట్లో జిరాక్స్ షాపు అబ్బాయి దగ్గర్నుంచి ఇంట్లో అమ్మమ్మ దాకా అందరికీ తమ బ్యాటరీ ఎంతసేపు వస్తుందో నిమిషాలతో సహా తెలుసు. "మొన్నటిదాకా రెండు గంటలొచ్చేది, ఇప్పుడు గంటంపావుకే పడిపోతోంది, డిస్టిల్డ్ వాటర్ పోయించాలి" అని మాట్లాడుకునేవాళ్లం. అప్పుడు బ్యాటరీని పరీక్షించడానికి ఏ స్క్రిప్టూ, అంటే చిన్న ప్రోగ్రామూ, అక్కర్లేదు, ఎందుకంటే కోతే రోజూ పరీక్ష పెట్టేది. ఇప్పుడు పట్టణాల్లో కరెంటు చాలా మెరుగు, వారాల తరబడి పోదు. మంచిదే, ఆ రోజులు మళ్లీ రావాలని నేనెందుకు కోరుకుంటాను. కానీ దీనివల్ల జరిగిందేమిటంటే, యూపీఎస్‌కి పరీక్ష పెట్టేవాళ్లే లేకుండా పోయారు. బ్యాటరీ లోపల మెల్లగా చచ్చిపోతుంది, పైన పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, ఆ సంగతి మనకు తెలిసేది దాంతో నిజంగా అవసరం పడ్డ రోజే. అందుకే నా వాదన ఇది: కోతలు తగ్గాక యూపీఎస్ మీద నిఘా ఎక్కువ అవసరమైంది, తక్కువ కాదు. ఈ మాట చెబితే "ఇప్పుడు కరెంటు ఎక్కడ పోతోందండీ" అని కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ.

కొత్త బ్యాటరీలు వేయించిన రోజే యూపీఎస్ వచ్చిన అట్టపెట్టె వెతికాను. లోపల యూఎస్‌బీ కేబులు ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా అలాగే ఉంది. మూడేళ్లు ఆ పెట్టె మనతో మాట్లాడటానికి సిద్ధంగా ఉంది, మేమే వైరు పెట్టలేదు.

వైరు పెట్టాక కావాల్సింది ఒక సాఫ్ట్‌వేర్. నేను వాడేది నట్, అంటే నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్. 1990ల చివర్లో రసెల్ క్రోల్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఇది, ఈ రోజుకీ నడుస్తోంది. ఫైళ్లు దాచుకోవడానికి నెట్‌వర్క్‌కి తగిలించే నాస్ పెట్టెలు కొన్నింటిలో "నెట్‌వర్క్ యూపీఎస్" అని కనబడే ఆప్షన్ వెనక ఉన్నదీ ఇదే. ఇందులో మూడు ముక్కలున్నాయి. యూపీఎస్ భాష అర్థం చేసుకునే డ్రైవర్ ఒకటి, ఆ వివరాలను నెట్‌వర్క్‌లో 3493 పోర్టు మీద ఎవరడిగితే వాళ్లకి చెప్పే సర్వర్ ఒకటి, ప్రతి కంప్యూటర్లో కూర్చుని ఆ సర్వర్‌ని ఐదు సెకన్లకోసారి అడుగుతూ, సమయం వచ్చినప్పుడు కంప్యూటర్‌ని పద్ధతిగా ఆపే కాపలాదారు ఒకటి. ఈ మూడోది చాలా ముఖ్యం. నిఘా అంటే ఫోనుకి మెసేజ్ రావడం అనుకుంటారు చాలామంది. అర్ధరాత్రి రెండింటికి మెసేజ్ వస్తే చూసేదెవరు? మనిషి లేచినా లేవకపోయినా సర్వర్ తనంతట తాను ఫైళ్లు మూసుకుని పడుకోవాలి. మెసేజ్ ఆ తర్వాతి సంగతి.

మొదటిసారి కమాండ్ కొట్టి అడిగితే యూపీఎస్ ముప్పై నలభై లైన్లు చెప్పింది. లైన్ వోల్టేజీ 231, లోడు 34 శాతం, బ్యాటరీ ఛార్జ్ 100, ఇంకా ఎంతసేపు వస్తుందంటే 1380 సెకన్లు, స్టేటస్ ఓఎల్. ఓఎల్ అంటే లైన్ మీద ఉన్నానని. కరెంటు పోతే ఓబీ అవుతుంది, బ్యాటరీ చివరికొస్తే దాని పక్కన ఎల్‌బీ కూడా చేరుతుంది, బ్యాటరీ మార్చమని యూపీఎస్‌కే అనిపిస్తే ఆర్‌బీ అంటుంది. ఓబీ, ఎల్‌బీ రెండూ కలిసి కనబడితే కాపలాదారు ఇక ఆగడు, షట్‌డౌన్ మొదలుపెడతాడు. ఇంత సమాచారం అందులో ఉంటే మేం లైటు చూసి తలుపేసుకున్నాం.

అయితే ఈ అంకెల్లోనూ నమ్మదగ్గవీ నమ్మకూడనివీ ఉన్నాయి. ఛార్జ్ 100 శాతం అన్నదాన్ని నేను అసలు నమ్మను. మార్కెట్లో దొరికే చవక యూపీఎస్‌లు చాలావరకు ఒక పాత భాష మాట్లాడతాయి, క్యూ1 అని రెండక్షరాలు పంపితే ఒకే లైన్లో జవాబిస్తాయి. ఆ లైన్లో లైన్ వోల్టేజీ, అవుట్‌పుట్ వోల్టేజీ, లోడు శాతం, ఫ్రీక్వెన్సీ, బ్యాటరీ వోల్టేజీ, ఉష్ణోగ్రత, చివర ఎనిమిది సున్నాలూ ఒకట్లూ ఉంటాయి. కరెంటు పోయిందా, బ్యాటరీ తక్కువగా ఉందా లాంటివి ఆ ఎనిమిదింటిలో ఒక్కో అంకె చెబుతుంది. ఛార్జ్ శాతం అన్నదే అందులో ఉండదు. స్క్రీన్ మీద మనకు కనిపించే శాతం వోల్టేజీని చూసి డ్రైవర్ వేసిన అంచనా. ముసలి బ్యాటరీ వోల్టేజీని చక్కగా నిలబెట్టి చూపిస్తుంది. ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుపోయిన బ్యాటరీ ఛార్జింగ్‌లో తొందరగా పైకి ఎక్కేస్తుంది, నిండినట్టే కనబడుతుంది. లోడు పడగానే కూలబడుతుంది. బరువు ఎత్తమంటేనే దాని బలం తెలిసేది.

అందుకని బరువు ఎత్తించి చూడాలి. చాలా యూపీఎస్‌లలో చిన్న సెల్ఫ్ టెస్ట్ ఉంటుంది, కొన్ని సెకన్లపాటు లోడును బ్యాటరీ మీదికి మార్చి చూసుకుంటాయి. నట్ నుంచి ఒక కమాండ్‌తో దాన్ని మొదలుపెట్టొచ్చు. నా స్క్రిప్టు ప్రతి ఆదివారం ఉదయం ఆరింటికి ఆ టెస్ట్ మొదలుపెట్టి, సెకనుకోసారి బ్యాటరీ వోల్టేజీ రాసుకుని, అన్నిటికంటే కిందికి దిగిన అంకెను తేదీతో సహా ఒక ఫైల్లో కలుపుతుంది. ఆదివారమే ఎందుకంటే బ్యాటరీ నిజంగా చచ్చిపోయి ఉంటే ఆ టెస్టులోనే సర్వర్ పడిపోవచ్చు. రాత్రి బ్యాకప్ పూర్తయ్యాక, ఎవరూ పనిలో లేనప్పుడు పడిపోతే పోయేదేం లేదు. మొత్తం స్క్రిప్టు ఇరవై లైన్లు దాటదు.

ఆ ఫైలు నాకు ఎంత చెప్పిందో చూడండి. మాది రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపిన 24 వోల్టుల సెట్టు. కరెంటు ఉన్నప్పుడు ఎప్పుడు చూసినా 27.3 దగ్గరే ఉంటుంది. కొత్తలో అంతే, రెండేళ్ల తర్వాతా అంతే. ఆ అంకె ఒక్కటే చూస్తే ఏం తేడా లేదు. కానీ టెస్టులో కిందికి దిగిన అంకె కొత్తలో 24.9. ఏడాదికి 24.5. రెండో ఎండాకాలం దాటేసరికి 23.8. యూపీఎస్ మాత్రం ప్రతిసారీ టెస్ట్ పాస్ అనే చెప్పింది, తన లెక్కలో పాసే, ఎందుకంటే అది చూసేది ఈ క్షణం నిలబడిందా లేదా అనే. పోయిన ఏడాది ఎలా ఉండేదో దానికి గుర్తుండదు. గుర్తుపెట్టుకునే పని మనది, మన స్క్రిప్టుది. నెట్‌వర్క్ స్క్రిప్టుల గురించి ఎంత చెప్పినా నాకు అన్నిటికంటే విలువైనది ఈ ఒక్క ఫైలే. కరెంటు పోయిందన్న కబురు ఎవరైనా చెబుతారు, ఫ్యాను ఆగినా తెలుస్తుంది. మెల్లగా దిగిపోయే బ్యాటరీ కబురు ఇంకెవరూ చెప్పరు.

ఎండ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షు కంపెనీలు రాసేది 20 లేదా 25 డిగ్రీల గదిలో. అక్కణ్నుంచి ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగం అవుతుందని బ్యాటరీ పని తెలిసినవాళ్లంతా వాడే లెక్క. విజయవాడలో మే నెలలో, రాత్రి ఏసీ ఆపేసిన చిన్న గదిలో, సర్వర్ పక్కనే, గోడకి ఆనించి పెట్టిన యూపీఎస్ ఎంత వేడిలో ఉంటుందో ఊహించండి. ఐదేళ్లు వస్తుందన్నది రెండున్నరేళ్లకే పోతే బ్యాటరీ మోసం చేసినట్టు కాదు. మేం గోడకి జానెడు దూరం జరిపాం, ఒక చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాం, స్క్రిప్టులో ఉష్ణోగ్రత కూడా రాసుకుంటున్నాం.

ఇప్పుడు నెట్‌వర్క్ దగ్గరికి వస్తాను, నేను గట్టి దెబ్బ తిన్నది అక్కడే. సర్వర్‌కి యూఎస్‌బీ వైరు ఉంది, అది ప్రైమరీ. బ్యాకప్‌లు దాచే నాస్ పెట్టె కూడా అదే యూపీఎస్ మీద ఉంది, కానీ దానికి వైరు లేదు, అది నెట్‌వర్క్ ద్వారా సర్వర్‌ని అడిగి తెలుసుకుంటుంది, అది సెకండరీ. కాగితం మీద అంతా బాగుంది. ఒక శనివారం సాయంత్రం బాబాయ్‌ని పిలిచి బోర్డులో లైన్ కట్ చేసే ఎంసీబీ స్విచ్చి దించమన్నాను. సర్వర్ చెప్పినట్టే పద్ధతిగా ఆగింది. నాస్ ఆగలేదు. దాని లైట్లు మామూలుగా మిణుకుమంటూనే ఉన్నాయి, యూపీఎస్ అవుట్‌పుట్ కట్ చేయగానే ఒక్కసారిగా ఆరిపోయింది, లోపల డిస్కులు టక్కున ఆగిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

జరిగినవన్నీ రాసుకునే లాగ్ చూస్తే సంగతి తెలిసింది. రెండింటి మధ్య ఉన్న నెట్‌వర్క్ స్విచ్చి ప్లగ్గు యూపీఎస్‌లో లేదు, పక్కనున్న గోడ బోర్డులో ఉంది. కరెంటు పోగానే ముందు పోయింది ఆ స్విచ్చి. నాస్ చివరిసారి అడిగినప్పుడు జవాబు ఓఎల్, తర్వాత అడిగితే జవాబే లేదు. నట్ నియమం ఏమిటంటే, ఆఖరిసారి బ్యాటరీ మీద ఉందని తెలిసిన యూపీఎస్ నుంచి మాట ఆగిపోతే, కాసేపు చూసి, బ్యాటరీ అయిపోయినట్టే లెక్కేసి ఆపేస్తుంది. కానీ ఆఖరి మాట "లైన్ మీదే ఉన్నాను" అయితే, సంబంధం తెగిందని లాగ్‌లో రాసుకుని ఊరుకుంటుంది. ఆ నియమం సరైనదే, లేకపోతే ఎవరైనా నెట్‌వర్క్ వైరు కాలితో తన్నిన ప్రతిసారీ సర్వర్లన్నీ ఆగిపోతాయి. తప్పు మా ప్లగ్గుది. యాభై రూపాయల ఎక్స్‌టెన్షన్ వైరు దగ్గర ఇన్ని వేల రూపాయల ఏర్పాటు ఆగిపోయింది. దయచేసి ఇప్పుడే వెళ్లి మీ స్విచ్చి, రూటరు, ఫైబర్ పెట్టె ఏ బోర్డులో ఉన్నాయో చూడండి. యూపీఎస్ వెనకాల కూడా అన్ని సాకెట్లూ ఒకటి కాకపోవచ్చు, కొన్నింటికి బ్యాటరీ బ్యాకప్ ఉంటుంది, కొన్ని సర్జ్ నుంచి, అంటే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ నుంచి, మాత్రమే కాపాడతాయి. వెనక రాసి ఉంటుంది, టార్చి వేసి చదవాలి.

ఎంసీబీ దించి చూడకపోతే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు. డెమో అంటే స్క్రీన్ మీద మెసేజ్ చూపించడం కాదు, కరెంటు నిజంగా తీసేసి అన్నీ ఆగేదాకా, మళ్లీ అన్నీ లేచేదాకా నిలబడి చూడటం. ఈ "మళ్లీ లేచేదాకా" అన్నది కూడా చాలామంది వదిలేస్తారు. సర్వర్ షట్‌డౌన్ మొదలుపెట్టింది, సరిగ్గా అదే సమయంలో కరెంటు వచ్చేసింది అనుకోండి. సర్వర్ ఆగిపోతుంది, కానీ యూపీఎస్ అవుట్‌పుట్ ఒక్క క్షణం కూడా పోలేదు కాబట్టి దానికి కరెంటు పోయి వచ్చినట్టే తెలియదు, అలాగే పడుకుని ఉంటుంది. పొద్దున ఎవరో వచ్చి బటన్ నొక్కేదాకా అంతే. దీనికి విరుగుడు నట్‌లోనే ఉంది: షట్‌డౌన్ చివర్లో సర్వర్ యూపీఎస్‌కి "నేను ఆగిపోతున్నాను, కాసేపాగి నువ్వు కట్ చేసి, కరెంటు ఉంటే మళ్లీ ఇవ్వు" అని చెప్పి ఆగుతుంది. యూఎస్‌బీ డ్రైవర్‌లో ఆ కాసేపు మామూలుగా 20 సెకన్లు. నాస్ లాంటి నెమ్మది పెట్టె ఉంటే దాన్ని పెంచుకోవాలి, మేం 120 చేశాం. అలాగే కంప్యూటర్ లేచేటప్పుడు మొదట నడిచే బయోస్ సెట్టింగుల్లో కరెంటు రాగానే తనంతట తాను లేచేలా పెట్టుకోవాలి. ఈ రెండూ చేశాకే మా ఏర్పాటు పూర్తయిందని నాకు అనిపించింది.

స్క్రిప్టు రాసేవాళ్లకు ఒక మాట, ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నదే. నా మొదటి స్క్రిప్టు చాలా సింపుల్: ఛార్జ్ 30 కంటే తక్కువైతే మెసేజ్ పంపు. ఒకరోజు గది ఊడుస్తుంటే యూఎస్‌బీ వైరు కాస్త వదులైంది. అప్పట్నుంచి అడిగిన ప్రతిసారీ అంకె బదులు డేటా పాతబడిందన్న ఎర్రర్ వచ్చింది. ఎర్రర్ 30 కంటే తక్కువా? కాదు. కాబట్టి మెసేజ్ లేదు. పంతొమ్మిది రోజులు స్క్రిప్టు నిశ్శబ్దంగా ఉంది, ఆ నిశ్శబ్దాన్ని నేను క్షేమం అనుకున్నాను. పచ్చ లైటు దగ్గర చేసిన తప్పే మళ్లీ, ఈసారి సాఫ్ట్‌వేర్‌లో. అందుకని ఇప్పుడు నా నియమం తిరగేశాను. జవాబు రాకపోవడమే మొదటి అలారం. అంకె అంకెలా లేకపోతే అలారం. ఇంకో అడుగు ముందుకేసి, మా స్క్రిప్టు ఐదు నిమిషాలకోసారి బయట ఇంకో ఊళ్లో ఉన్న చిన్న అద్దె సర్వర్‌కి "ఉన్నాను" అని ఒక పలకరింపు పంపుతుంది. పావుగంట ఆ పలకరింపు రాకపోతే ఆ బయటి సర్వరే నాకు కబురు పెడుతుంది. ఇదెందుకంటే, కరెంటు పోయినప్పుడు మన ఇంటర్నెట్ కూడా ఉంటుందన్న గ్యారంటీ లేదు. మన రూటరు యూపీఎస్ మీద ఉన్నా, వీధిలో ఇంటర్నెట్ వాళ్ల పెట్టెకి బ్యాటరీ ఉండాలి కదా. లోపలున్నవాడు కేక వేయలేని పరిస్థితిలో, బయటివాడు గమనించాలి.

అలారాలు మరీ ఎక్కువైనా ప్రమాదమే. మృగశిర కార్తె దగ్గర్నుంచి గాలీవానా మొదలైతే కరెంటు రోజుకి పదిసార్లు రెప్పపాటు పోయి వస్తుంది. ప్రతి రెప్పపాటుకీ ఫోను మోగితే రెండో రోజుకే మ్యూట్‌లో పెడతాం, నాన్నా పులి కథ అందరికీ తెలిసిందే. నట్‌లో దీనికి టైమర్ ఉంది. కరెంటు పోగానే టైమర్ మొదలవుతుంది, ముప్పై సెకన్లలోపు తిరిగొస్తే రద్దవుతుంది, రాకపోతేనే మెసేజ్. రెప్పపాట్లు లాగ్‌లో మాత్రం పడుతూ ఉంటాయి. ఒక నెల లాగ్ చూపించి, ఏ రోజు ఎన్నిసార్లు పోయిందో, లైన్ వోల్టేజీ రాత్రుళ్లు ఎంతకి ఎగబాకుతోందో కాగితం మీద పెట్టి ఫిర్యాదు చేస్తే, వట్టి నోటి మాటతో వెళ్లినదానికంటే లైన్‌మన్ కూడా శ్రద్ధగా వింటాడు. ఇది నా అనుభవం.

పెద్ద యూపీఎస్‌లకు, కాలేజీల్లో, ఆసుపత్రుల్లో ఉండే 10 కేవీఏ లాంటివాటికి, నెట్‌వర్క్ కార్డు ఉంటుంది, వాటిని ఎస్ఎన్‌ఎంపీతో, అంటే నెట్‌వర్క్‌లో ఉన్న పరికరాలను వివరాలడిగే భాషతో, అడగాలి. యూపీఎస్‌ల కోసం 1994 లో ఖరారైన ఆర్‌ఎఫ్‌సీ 1628 అనే ప్రమాణం ఉంది. అది పాటించే కార్డు ఏ కంపెనీదైనా ఒకే చిరునామాలో ఒకే ప్రశ్న అడగొచ్చు. అందులో నేను మొదట అడిగేది అవుట్‌పుట్ ఎక్కణ్నుంచి వస్తోందని. జవాబు 3 అయితే మామూలు, 5 అయితే బ్యాటరీ, 4 అయితే బైపాస్. నాకు 5 కంటే 4 అంటేనే టెన్షన్. సర్వీస్‌కి వచ్చినవాళ్లు బైపాస్‌లో పెట్టి, మళ్లీ మార్చడం మరిచిపోయి వెళ్లిపోతే, లైట్లు వెలుగుతాయి, కంప్యూటర్లు నడుస్తాయి, కానీ లైన్ కరెంటు నేరుగా లోపలికి వస్తున్నట్టే, కరెంటు పోతే అన్నీ పోయినట్టే. తెలిసిన ఒక కాలేజీలో అలా నెలల తరబడి బైపాస్‌లో ఉన్న యూపీఎస్‌ని మొదటి ప్రశ్నకే పట్టుకున్నాం. ఈ కార్డులకు మొదటిరోజే పాస్‌వర్డ్ మార్చండి, ఎస్ఎన్‌ఎంపీలో పాస్‌వర్డ్‌లా ముందే పెట్టి వచ్చే "పబ్లిక్" అన్న మాటను అలాగే వదిలేయకండి, ఇంటర్నెట్ వైపు అసలు తెరవకండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌లు మార్చని యూపీఎస్‌లలోకి బయటివాళ్లు చొరబడుతున్నారని 2022 మార్చిలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా హెచ్చరించాల్సి వచ్చింది.

మరి డేటా పోర్టే లేని యూపీఎస్‌లు, ఇళ్లల్లో ఉండే ఇన్వర్టర్లు? చిన్న 600 వీఏ పెట్టెలు చాలావాటికి పోర్టు ఉండదు, ఇన్వర్టర్లు కూడా ఎక్కువగా అంతే. అక్కడ మేం వాడే ఉపాయం చెబుతాను. మూలన పడేసిన పాత రూటరు ఒకటి తీసి, ఇన్వర్టర్ లైన్లో కాకుండా నేరుగా లైన్ కరెంటు ఉన్న బోర్డులో పెట్టాం. స్క్రిప్టు పది సెకన్లకోసారి దాన్ని పింగ్ చేస్తుంది, అంటే నెట్‌వర్క్‌లో "ఉన్నావా" అని అడుగుతుంది. జవాబు వస్తే కరెంటు ఉన్నట్టు, వరసగా ఆరుసార్లు రాకపోతే పోయినట్టు. ఒకటే పెడితే అదే చెడిపోయినా కరెంటు పోయిందనుకుంటాం, అందుకని వేరే బోర్డులో రెండోది కూడా పెట్టి, రెండూ పలకకపోతేనే నమ్ముతాం. బ్యాటరీలో ఎంత మిగిలిందో ఇది చెప్పదు. కాబట్టి ముందే ఒకసారి కరెంటు తీసి ఎన్ని నిమిషాలు వస్తుందో కొలిచి, అందులో సగం దాటగానే షట్‌డౌన్ చేయిస్తాం. బ్యాటరీకి ఏడాది పెరిగినకొద్దీ ఆ కొలత మళ్లీ తీయాలి.

ఇన్ని చెప్పినా "జెనరేటర్ ఉందిగా" అనేవాళ్లు ఉంటారు. 2014 అక్టోబర్ 12 న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడినప్పుడు నగరానికి రోజుల తరబడి కరెంటు లేదు. డీజిల్ కోసం జనం క్యూలు కట్టారు. అలాంటి రోజు ఏ యూపీఎస్సూ మనల్ని నడిపించదు, దాని పని నడిపించడం కాదు కూడా. అది ఇచ్చే పావుగంటలో సర్వర్ చక్కగా మూసుకుని పడుకుంటే, నాలుగు రోజుల తర్వాత కరెంటు వచ్చాక అంతా ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచి లేస్తుంది. జెనరేటర్ ఉన్నా, అది అందుకునేదాకా మోయాల్సింది బ్యాటరీయే. మా ఆఫీసులో పోయిన ఆ పది సెకన్లు అవే.

ఈ మధ్య బాబాయ్ ఏ పని మీద వచ్చినా వెళ్లేముందు సర్వర్ గది గుమ్మం దగ్గర ఆగి, "ఈ వారం ఎంత చూపించింది బాబూ?" అని అడుగుతున్నాడు. పోయిన ఆదివారం 23.4 అని చెప్పాను. వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, "దసరా దాకా ఆగొద్దు, నేను రేపు షాపులో చెప్పేస్తాను" అని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ అంకె రాసుకున్నాడు.